జైలు గోడ అవతల మనవాడు

దైవప్రవక్త యూసుఫ్ (అలైహిస్సలాం) ఏ తప్పూ చేయకుండానే ఈజిప్టు చెరసాలలో ఏళ్ల తరబడి గడిపిన సంగతి మన ఇళ్లలో చిన్నపిల్లలకు సైతం తెలుసు. ఆ గాథలో మనం అంతగా ఆగి ఆలోచించని ఘట్టం ఒకటుంది. తనతోపాటు ఉన్న ఇద్దరు ఖైదీలలో ఒకడు విడుదలై తిరిగి రాజు కొలువుకు వెళ్లబోతున్నప్పుడు, అక్కడ తన ప్రస్తావన తీసుకురమ్మని యూసుఫ్ (అలై) అతనిని కోరారు. బయటికి వెళ్లినవాడు ఆ మాట మరచిపోయాడు. ఆయన మరికొన్నేళ్లు ఆ గోడల మధ్యనే ఉండిపోయారు. దివ్య ఖుర్ఆన్ 12వ సూరా ఆ మరపును ప్రత్యేకంగా పేర్కొన్నది. లోపల ఉన్న మనిషికి బయటివారి మరపు ఎంత భారమో గ్రహించడానికి ఈ ఒక్క ఘట్టం చాలు.

ఈ మాసం మనం మాట్లాడుకోబోయేది మన ఇళ్లలో తలుపులు మూసి, గొంతు తగ్గించి చెప్పుకునే విషయం. కొడుకో, అల్లుడో, తమ్ముడో పరదేశంలో జైలు పాలయ్యాడన్న కబురు. హైదరాబాదు, గుంటూరు, కర్నూలు, కరీంనగర్ వంటి ఊళ్లలో అమెరికా వెళ్లిన బిడ్డ లేని మొహల్లా నేడు అరుదు. వెళ్లినవారిలో అత్యధికులు చట్టానికి లోబడి, గౌరవంగా బతుకుతున్నారు. అయినా భార్యాభర్తల తగవు పెరిగి ఎవరో 911కు ఫోను చేయడం, దుకాణంలో డబ్బు కట్టకుండా వస్తువు తీసుకుని బయటికి రావడం, ముక్కూమొహం తెలియనివారి సొమ్మును చేరవేసే 'ఉద్యోగం'లో ఇరుక్కోవడం వంటి కారణాలతో కొందరు అక్కడి కౌంటీ జైళ్లకు చేరుతున్నారు.

2019 జనవరిలో జరిగిన ఫార్మింగ్‌టన్ ఉదంతం చాలామందికి గుర్తుండే ఉంటుంది. వీసా మోసాలను పట్టుకోవడానికి అమెరికా అధికారులే మిషిగన్ రాష్ట్రంలో పేరుకు మాత్రమే ఉన్న ఒక విశ్వవిద్యాలయాన్ని నడిపి, అందులో చేరిన విద్యార్థులను నిర్బంధించారు. మొదటి విడతలో పట్టుబడిన 130 మందిలో 129 మంది భారతీయులు. వారిలో తెలుగువారు చాలామంది. వాషింగ్టన్‌లోని మన రాయబార కార్యాలయం రాత్రింబవళ్లు పనిచేసే హెల్ప్‌లైన్ తెరిచింది. తెలుగు సంఘాలు న్యాయ సహాయానికి ముందుకు వచ్చాయి. అటువంటి రోజు ఏ ఇంటికైనా రావచ్చు. ఆ రోజున ఏమి చేయాలో ముందే తెలిసి ఉండటం మంచిది.

లోకులు ఏమంటారోనన్న భయం

కబురు వినగానే అనేక కుటుంబాలు చేసే మొదటి పని, నోరు మూసుకోవడం. కొందరు తండ్రులు, 'నాకు అలాంటి కొడుకు లేడు' అని తీర్మానించుకుంటారు. పరువు పోయిందన్న బాధ అర్థం చేసుకోదగినదే. అయితే రెండు సంగతులు గమనించాలి.

మొదటిది: అమెరికాలోని స్థానిక జైళ్లలో ఉన్నవారిలో అత్యధికులు ఇంకా దోషులుగా తేలనివారు, విచారణ కోసం ఎదురుచూస్తున్నవారు. జైలులో ఉండటం, నేరం చేయడం ఒకటి కావు. న్యాయస్థానం ఇంకా చెప్పని తీర్పును కుటుంబమే ముందుగా చెప్పివేయడం అన్యాయం.

రెండవది: అతను నిజంగానే తప్పు చేసి ఉన్నా, బంధం తెంచుకోమని మన ధర్మం చెప్పలేదు. దౌర్జన్యానికి గురైన సోదరునికే కాదు, దౌర్జన్యం చేసినవానికీ సహాయపడాలని, ఆ దౌర్జన్యం నుండి అతని చేతిని ఆపడమే అతనికి చేసే సహాయమని దైవప్రవక్త (సల్లం) బోధించారు. సాక్ష్యం ఇవ్వవలసి వస్తే రక్తసంబంధీకులకు వ్యతిరేకంగానైనా నిజమే పలకాలన్న ఆదేశం ఖుర్ఆన్ 4వ సూరాలో ఉంది. ఖైదీకి అన్నం పెట్టేవారిని ప్రశంసించిన ఆయతు 76వ సూరాలో ఉంది. ఈ రెండింటినీ కలిపి చదువుకోవాలి. తప్పును వెనకేసుకు రాకూడదు, మనిషిని వదిలివేయకూడదు. బాధితులు ఉన్నట్లయితే వారి హక్కునూ మరువకూడదు. ఫిర్యాదు ఉపసంహరించుకోమని వారిపై ఒత్తిడి తేవడం మన ధర్మానికీ, అక్కడి చట్టానికీ విరుద్ధమే.

మొదటి రెండు మూడు రోజులు

కౌంటీ అంటే సుమారుగా మన జిల్లా వంటిది. అక్కడి జైలును సాధారణంగా ప్రజలు ఎన్నుకున్న షెరీఫ్ నిర్వహిస్తాడు. విచారణలో ఉన్నవారినీ, సాధారణంగా ఏడాది లోపు శిక్ష పడినవారినీ అందులో ఉంచుతారు. ప్రతి కౌంటీకీ తన నియమాలు తనవే. కనుక పక్క ఊరివారి అనుభవం మనకు అక్షరాలా వర్తిస్తుందని అనుకోరాదు.

ముందుగా మనిషి ఎక్కడ ఉన్నాడో తెలుసుకోవాలి. షెరీఫ్ కార్యాలయపు వెబ్‌సైటులో పేరు, పుట్టిన తేదీలతో వెతికితే చాలా చోట్ల ఖైదీ సంఖ్య, అభియోగాలు, బెయిలు వివరాలు కనిపిస్తాయి. మన పేర్లలో మొహమ్మద్, షేక్, సయ్యద్ వంటివి ముందుండటం వల్ల అక్కడి రికార్డులలో ఏది ఇంటిపేరో తారుమారవుతుంది. పాస్‌పోర్టులో ఉన్న వరుసలోనూ, తిరగేసిన వరుసలోనూ వెతకాలి. ఖైదీ సంఖ్య దొరకగానే రాసి పెట్టుకోవాలి. ఆపై ఫోనుకూ, ఉత్తరానికీ, డబ్బుకూ అదే ఆధారం.

న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేనివారికి ప్రభుత్వమే న్యాయవాదిని ఇవ్వాలని అమెరికా సుప్రీంకోర్టు 1963లో గిడియన్ కేసులో తీర్పు చెప్పింది. అయితే పరదేశీయునికి క్రిమినల్ కేసు ఒక్కటే సమస్య కాదు. తొందరగా బయటపడవచ్చని నేరం ఒప్పుకుంటే, ఆ ఒప్పుకోలే దేశబహిష్కరణకు దారి తీయవచ్చు. ఆ ప్రమాదాన్ని ముందుగా చెప్పడం న్యాయవాది బాధ్యత అని అదే కోర్టు 2010లో పడీయా కేసులో స్పష్టం చేసింది. కాబట్టి వీసా వ్యవహారాలు తెలిసిన న్యాయవాదిని సంప్రదించకుండా ఏ ఒప్పందానికీ సరేననవద్దని మనవాడికి చెప్పించాలి. 'ఒప్పేసుకుని ఇంటికి వచ్చేయి బేటా' అని తల్లిదండ్రులు కన్నీళ్లతో చెప్పే మాట అతని భవిష్యత్తును మార్చివేయగలదు.

అరెస్టయిన విదేశీయుడు తన దేశపు కాన్సులేటుకు కబురు పంపమని అడిగే హక్కు 1963 నాటి వియన్నా ఒప్పందంలోని 36వ అధికరణ కల్పించింది. అతను ఆ మాట అడగాలి. ఇక్కడి నుండి కుటుంబం కూడా విదేశాంగ శాఖవారు 2015లో ప్రారంభించిన 'మదద్' పోర్టల్‌లో వివరాలు నమోదు చేయవచ్చు. కాన్సులేటు అధికారి వెళ్లి చూడగలడు, న్యాయవాదుల జాబితా ఇవ్వగలడు. కేసు కొట్టివేయించడం మాత్రం అతని చేతిలో ఉండదు.

బెయిలు విషయంలో తొందరపాటు పనికిరాదు. చాలా రాష్ట్రాలలో పూచీ కంపెనీలు మొత్తం సొమ్ములో సుమారు 10 శాతం రుసుముగా తీసుకుంటాయి. అది తిరిగి రాదు. చికాగో ఉన్న ఇల్లినాయ్ రాష్ట్రంలోనైతే 2023 సెప్టెంబరు నుండి డబ్బు కట్టించుకునే బెయిలు పద్ధతినే రద్దు చేశారు. వలస శాఖవారు అతనిని తమకు అప్పగించమని జైలుకు 'డిటెయినర్' పంపి ఉన్నారేమో ముందుగా విచారించాలి. అది ఉంటే బెయిలు కట్టినా అతను ఇంటికి రాకుండా వారి నిర్బంధంలోకి పోవచ్చు. 'మీవాడు జైలులో ఉన్నాడు, వెంటనే గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు చెప్పండి' అని ఎవరైనా ఫోను చేస్తే అది మోసమేనని గ్రహించాలి. ఏ జైలూ, ఏ కోర్టూ గిఫ్ట్ కార్డులతో సొమ్ము తీసుకోదు.

ఇంకొక అత్యవసర విషయం ఆరోగ్యం. మధుమేహం, ఆస్తమా, మానసిక వ్యాధికి వాడే మందులు ఉంటే అక్కడి బంధువు ద్వారా జైలు వైద్య విభాగానికి మొదటి రోజే తెలియజేయాలి. అమెరికా స్థానిక జైళ్లలో మరణాలకు కారణాలలో ఆత్మహత్య మొదటి స్థానంలో ఉంటూ వచ్చిందని అక్కడి న్యాయశాఖ గణాంకాలు చెబుతున్నాయి. తొలి దినాలే అత్యంత ప్రమాదకరం. అతని మాటలో నిరాశ ధ్వనిస్తే, సిగ్గుపడకుండా జైలు అధికారులకు చెప్పించాలి. 'అమ్మీ అబ్బా నిన్ను వదలలేదు' అన్న ఒక్క కబురు ఆ రోజుల్లో చేరితే అదే గొప్ప ఊరట.

గొంతు వినిపించడం

జైలుకు మనం చేసే ఫోను ఖైదీకి కలపరు, అతనే చేయాలి. అనేక జైళ్ల నుండి భారతదేశపు నంబర్లకు నేరుగా ఫోను కలవదు. కాబట్టి అమెరికాలోనే ఉన్న నమ్మకమైన బంధువునో, స్నేహితుడినో ఒకరిని వారధిగా నిలుపుకోవాలి. ఆ జైలుకు ఫోను సేవ అందించే కంపెనీలో వారి పేరున ముందుగా డబ్బు కట్టి ఖాతా తెరవాలి. అతని ఫోను వచ్చినప్పుడు ఆ బంధువు మనలను మూడో వ్యక్తిగా లైనులో కలపకూడదు. చాలా జైళ్లలో అది నిషిద్ధం. కనిపెడితే లైను తెగుతుంది, ఫోను సౌకర్యమే కొంతకాలం పోవచ్చు. అతను చికాగోలో రాత్రి 8 గంటలకు మాట్లాడితే మనకు కాలాన్ని బట్టి మరునాటి ఉదయం ఆరున్నర లేదా ఏడున్నర అవుతుంది. ఆ బంధువు వెంటనే మనకు కబురు చెప్పే ఏర్పాటు చేసుకుంటే, ఫజ్ర్ తరువాత ఇల్లంతా ఒకచోట కూర్చుని వినవచ్చు. వీడియో ములాఖత్ ఉన్న జైళ్లలో ముఖం చూసే వీలూ ఉంటుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త: న్యాయవాదితో తప్ప, జైలు ఫోనులో మాట్లాడే ప్రతి మాటా రికార్డవుతుందని భావించాలి. తెలుగులోనో ఉర్దూలోనో మాట్లాడితే వారికి ఏమి అర్థమవుతుందిలే అనుకోవడం భ్రమ. అనువాదకులు ఉంటారు. 'అసలు ఏం జరిగింది? నిజం చెప్పు' అని అడగడం తల్లికి సహజం. అయినా ఆ ప్రశ్న ఫోనులో అడగవద్దు. మాట్లాడుకోవడానికి వేరే విషయాలు లేకపోలేదు. పెరట్లో జామచెట్టు కాచిందని, చెల్లెలి పరీక్షలు అయిపోయాయని, దాదీ తస్బీహ్ పట్టుకుని అతని కోసమే దుఆ చేస్తున్నదని చెప్పవచ్చు. లోపల కాలం కదలదు. బయటి ఇంటి చిన్న కబుర్లే అతనికి కాలం కదులుతున్న గుర్తు.

ఫోను విలువ ఏమిటో మార్తా రైట్ అనే వృద్ధురాలి గాథ తెలుపుతుంది. వాషింగ్టన్‌లో ఉండే ఆమె విశ్రాంత నర్సు, కంటిచూపు లేదు. జైలులో ఉన్న మనవడికి ఉత్తరం రాయలేరు, అతను రాసినది చదువుకోలేరు. ఫోను ఒక్కటే దారి. ఆ ఫోను ధరలు మోయలేనివిగా ఉండటంతో ఆమె 2000లో మరికొందరు కుటుంబసభ్యులతో కలిసి కోర్టుకు వెళ్లారు. తరువాత ఎఫ్.సి.సి. అనే సమాచార నియంత్రణ సంస్థను ఆశ్రయించారు. 2013లో ఆ సంస్థ ఒక రాష్ట్రం నుండి మరో రాష్ట్రానికి చేసే జైలు ఫోన్ల ధరలకు పరిమితి విధించింది. రాష్ట్రం లోపలి ఫోన్లను కూడా నియంత్రించే అధికారం ఇస్తూ 2023 జనవరిలో వచ్చిన చట్టానికి ఆమె పేరే పెట్టారు. అప్పటికి ఆమె జీవించి లేరు. మనవడి గొంతు వినాలన్న ఒక వృద్ధురాలి పట్టుదల దేశ చట్టాన్నే కదిలించింది. మనకు కావలసినది అందులో కొంత ఓపిక మాత్రమే.

ఉత్తరం, డబ్బు

ఉత్తరాలకు ఒక్కో జైలుది ఒక్కో పద్ధతి. కొన్ని పోస్టుకార్డులే తీసుకుంటాయి. కొన్ని ఉత్తరాన్ని స్కాన్ చేసి ప్రతి మాత్రమే ఇస్తాయి. ప్రతి ఉత్తరాన్నీ తెరిచి చూస్తారు. పరాయి భాష అయితే జాప్యం కావచ్చు గనుక, ఇంట్లో ఇంగ్లీషు వచ్చినవారు సులువైన మాటలలో రాయడం మేలు. పుస్తకాలు చాలా చోట్ల మెత్తని అట్టవి మాత్రమే, అదీ ప్రచురణకర్త నుండో దుకాణం నుండో నేరుగా రావాలి. ఇంటి నుండి పంపిన ముస్‌హఫ్ తిరిగి వచ్చేస్తే మతద్వేషమని తొందరపడవద్దు. ముందు నియమం ఏమిటో కనుక్కోవాలి.

ఉత్తరం చేసే మేలుకు మాల్కం ఎక్స్ జీవితమే నిదర్శనం. దొంగతనం కేసులో 1946 నుండి 1952 వరకు ఆయన మసాచుసెట్స్ రాష్ట్రపు జైళ్లలో ఉన్నారు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఆయనను వదిలివేయలేదు. విడవకుండా ఉత్తరాలు రాశారు. మంచి గ్రంథాలయం ఉన్న నార్ఫోక్ జైలుకు మార్పించడానికి అక్క ఎల్లా పాటుపడ్డారు. ఆయన అక్కడ చదువరి అయ్యారు. ఆ ఉత్తరాల ద్వారా మొదట 'నేషన్ ఆఫ్ ఇస్లాం' వైపు వెళ్లినా, తరువాత దానిని విడిచి 1964లో హజ్ చేసి ఇస్లాం అసలు సందేశాన్ని అందుకున్నారు. నేరస్థుడని ఇంటివారు ఆనాడే చేతులు దులుపుకుని ఉంటే ఆయన జీవితం ఏ దారి పట్టేదో ఊహించండి.

డబ్బు విషయంలో మితమే మేలు. జైలు లోపలి దుకాణాన్ని కమిసరీ అంటారు. సబ్బు, నూడుల్స్, తపాలా బిళ్లల వంటివి అక్కడ కొనుక్కోవాలి. ఒకేసారి పెద్ద మొత్తం వేస్తే తోటి ఖైదీల కళ్లు అతనిపై పడతాయి. నెలకు ఇంతని చిన్న మొత్తం తప్పకుండా పంపడం క్షేమం. ఇంటి మిగిలిన పిల్లల ఫీజులను, వృద్ధుల మందులను ఆపి పంపడం న్యాయం కాదు.

నమాజు, రోజా

జైలులోనూ అతను ముస్లిమే. ఆరాధన విషయంలో ఖైదీల హక్కులను కాపాడే చట్టాన్ని అమెరికా 2000లో చేసింది. ఆ చట్టం ఆధారంగానే అర్కాన్సాస్ రాష్ట్రంలోని ఒక ముస్లిం ఖైదీ అర అంగుళం గడ్డం ఉంచుకోవడానికి కోర్టుకు వెళ్లాడు. 2015లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులందరూ ఏకగ్రీవంగా అతని పక్షాన తీర్పు చెప్పారు. అయితే హక్కు ఉన్నా అడగనిదే అందదు. జైలులో చేరినప్పుడే తన మతాన్ని నమోదు చేయించుకోవాలి. పంది మాంసం లేని భోజనం కోసం, రమజాన్‌లో సహరీ, ఇఫ్తార్ వేళలకు ఆహారం కోసం చాప్లిన్ అనే మతసేవా అధికారికి ముందుగానే అర్జీ పెట్టాలి. నెలవంక కనిపించాక అడిగితే ఆలస్యమవుతుంది. ఆ ఊరి మసీదు ఇమామ్‌ను కుటుంబం తరఫున సంప్రదిస్తే వెళ్లి చూడటానికి వీలుండవచ్చు. ఇంట్లో మరణం వంటి దుర్వార్త చెప్పవలసి వస్తే, అరకొర ఫోనులో కాక చాప్లిన్ ద్వారా చెప్పించడమే మంచిది. ఆ సమయంలో అతని పక్కన ఒక మనిషి ఉంటాడు.

ఇక్కడ మిగిలినవారు

జైలు శిక్ష ఒక్కరికి పడినా ఇల్లంతా అనుభవిస్తుంది. కోడలిని నిందించడం, 'నీ అడుగు మంచిది కాదు' అనడం జాహిలియ్యత్ లక్షణం. పిల్లలకు అబద్ధం చెబితే ఏదో ఒకనాడు బడిలో తోటివారి నోట నిజం వింటారు. 'అబ్బా ఒక కేసులో ఉన్నారు. న్యాయమూర్తి తేల్చేదాకా అక్కడే ఉంటారు. నిన్ను తలచుకుంటూనే ఉన్నారు' అని వయసుకు తగినట్లు చెప్పడం ఉత్తమం. ఇక మొహల్లావారు చేయగలిగింది రెండు పనులు: తెలియని విషయం మాట్లాడకపోవడం; తెలిసిన ఇంటికి వెళ్లి ఏమైనా కావాలా అని అడగడం. పండుగనాడు ఆ ఇంటికి సేమ్యా గిన్నె పంపితే, మేము మిమ్మల్ని వెలివేయలేదన్న మాట అందులోనే చేరుతుంది.

మన జైళ్లలో ఖైదీని కలుసుకోవడాన్ని తెలుగులో కూడా 'ములాఖత్' అనే అంటారు. కలయిక అని దాని అర్థం. మన ఊరి సబ్‌జైలులోనూ ఎవరి ములాఖత్ కోసమో ఎదురుచూసే విచారణ ఖైదీలు ఉన్నారు. అమెరికాలోని బిడ్డ కోసం పరితపించే మనసు వారినీ తలచుకోవాలి.

విడుదల దినానికి ముందే సిద్ధం కావాలి. కౌంటీ జైళ్లు ఒక్కోసారి అర్ధరాత్రి కూడా వదిలివేస్తాయి. చేతిలో చార్జింగు లేని ఫోను, చలికి తగని బట్టలతో మనిషి బయట నిలబడతాడు. తలుపు దగ్గర కారుతో ఒకరు ఉండేలా చూడాలి. ఇంటికి చేరిన రోజు లెక్కలు అడగవద్దు. ముందు అన్నం పెట్టండి, నిద్రపోనివ్వండి. పశ్చాత్తాపపడి మరలినవానిని అల్లాహ్ క్షమించే చోట, మనం జీవితాంతం వేలెత్తి చూపుతూ కూర్చోవడం తగదు.

గోడల వెనుక ఉన్న ప్రతి నిరపరాధికీ విముక్తిని, తప్పు చేసిన ప్రతి ఒక్కరికీ తౌబా భాగ్యాన్ని, బాధితులందరికీ న్యాయాన్ని, ఎదురుచూసే తల్లులకు సహనాన్ని అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.